చంద్రుడి దారిలో పదకొండు చుట్లు

ధారావాహిక: ఆరో భాగం

2008 అక్టోబర్ 22, బుధవారం. పొద్దున 6 గంటల 22 నిమిషాలకు శ్రీహరికోట రెండో ప్రయోగ వేదిక మీంచి లేచిన పీఎస్‌ఎల్‌వీ-సీ11 పద్దెనిమిది నిమిషాల్లో తన పని ముగించుకుని పక్కకు తప్పుకుంది. నెల్లూరు తీరం అప్పటికే ఈశాన్య రుతుపవనాల ముసురులో ఉంది. అంతకు ముందు రోజుల వానలు, ఉరుములు చూసి ప్రయోగం వాయిదా పడుతుందేమోనన్న గుబులు శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం షార్‌లో లేకపోలేదు. సూళ్లూరుపేట వైపు నుంచి, ప్రళయకావేరి ఒడ్డు నుంచి తలెత్తి చూసినవాళ్లకు రాకెట్ కనబడింది కాసేపే. నిప్పుల తోక మబ్బుల్లో దూరిపోయింది. చప్పుడు మాత్రం ఇంకొంతసేపు నేలను అదరగొట్టింది.

భారత్ చంద్రుడి వైపు దూసుకెళ్తోందని ఆ రోజంతా టీవీల్లో మోగిపోయింది. నిజానికి ఆ పూట చంద్రయాన్-1 ఎక్కడికీ దూసుకెళ్లడం లేదు. భూమి చుట్టూ కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో తిరుగుతోంది. ఆ కక్ష్యకు దగ్గరి కొన మన తలల మీద 255 కిలోమీటర్ల ఎత్తున ఉంటే, దూరపు కొన 22,860 కిలోమీటర్ల ఎత్తున ఉంది. చంద్రుడేమో సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అంటే రాకెట్ వదిలేసిన చోటు నుంచి ఎంత దూరం పోయినా చంద్రుడి దారిలో పదహారో వంతు కూడా దాటదు. మిగిలిన దారంతా వ్యోమనౌక తన సొంత ఇంజిన్‌తో, తన సొంత ఇంధనంతో వెళ్లాల్సిందే. అందుకే 1,380 కిలోల ఆ నౌక బరువులో సగానికి పైగా ఇంధనమే.

రాకెట్ ప్రయోగం కథ చాలామందికి తెలుసు. ఆ తర్వాతి మూడు వారాల కథ అంతగా తెలియదు. నా మటుకు నాకు చంద్రయాన్-1లో అసలు చరిత్ర ఆ మూడు వారాలే.

నేరుగా ఎందుకు వెళ్లలేదు? దానికి జవాబు మన దగ్గరున్న రాకెట్‌లో ఉంది. పీఎస్‌ఎల్‌వీని చంద్రుడి కోసం తయారు చేయలేదు. సుమారు ఒక టన్ను బరువుండే భూపరిశీలన ఉపగ్రహాలను ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యలో పెట్టడానికి చేసిన రాకెట్ అది. 1993 సెప్టెంబర్‌లో మొదటిసారి ఎగిరి విఫలమైంది. 1994 అక్టోబర్‌లో నిలదొక్కుకుంది. 2002 సెప్టెంబర్ 12న మెట్‌శాట్ అనే వాతావరణ ఉపగ్రహాన్ని, మనకు ఇప్పుడు కల్పన-1గా తెలిసినదాన్ని, అలవాటైన ధ్రువకక్ష్యలో కాకుండా భూస్థిర కక్ష్యకు పోయే దారిలో పెట్టింది. అంత ఎత్తుకు అంత బరువు మోయగలదని అప్పుడు రుజువైంది. మరుసటి ఏడాది ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి వాజ్‌పేయి చంద్రయానం సంగతి దేశానికి చెప్పినప్పుడు ఇస్రోవాళ్ల ధైర్యం వెనుక ఈ ప్రయోగం ఉంది.

అయినా చంద్రయాన్ కోసం రాకెట్‌కు కాస్త బలం పెంచక తప్పలేదు. పక్కన కట్టే ఆరు బూస్టర్లలో ఒక్కోదానిలో తొమ్మిది టన్నుల బదులు పన్నెండు టన్నుల ఘన ఇంధనం నింపారు. ఆ ఎక్స్‌ఎల్ రకం పీఎస్‌ఎల్‌వీ ఎగరడం అదే మొదలు. మొత్తం బరువు 316 టన్నులు. 1969లో అపోలో-11ను మోసిన శాటర్న్-5 బరువు 2,900 టన్నుల పైమాటే. ఆ రాకెట్ ముగ్గురు మనుషులను మూడు రోజుల్లో చంద్రుడి దగ్గరకు చేర్చింది. మనుషులకు ఊపిరి కావాలి, తిండి కావాలి, వాళ్లు తిరిగి ఇంటికి రావాలి. కాబట్టి తొందరపడక తప్పదు. చంద్రయాన్‌లో ఉన్నవి పదకొండు పరికరాలు. వాటికి ఆకలి లేదు, రెండు వారాలు ఆలస్యమైనా అడిగేవాళ్లు లేరు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ యాత్రకు అయిన 386 కోట్ల రూపాయలను హాలీవుడ్ సినిమా బడ్జెట్‌తో పోల్చి మురిసిపోవడం మనకు అలవాటైంది. ఆ మురిపెంలో నాకు పాలు లేదు. చవకగా వెళ్లడమంటే ఊరికే వెళ్లడం కాదు. రూపాయల్లో మిగిలింది వేరే రూపంలో కట్టాల్సి వచ్చింది. ఇంజిన్‌ను ఒక్కసారి కాదు, పదే పదే మండించాలి. మండించిన ప్రతిసారీ అది వెలుగుతుందా, అనుకున్న క్షణంలో ఆగుతుందా అని గుండె దడదడలాడాలి. భూమి చుట్టూ ఉన్న వాన్ అలెన్ వికిరణ వలయాలను ప్రతి చుట్టులోనూ వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి దాటాలి. ఎలక్ట్రానిక్ పరికరాలకు ఆ వలయాలు మంచి చోటు కాదు. బల్గేరియావాళ్లు ఇచ్చిన రాడమ్ అనే చిన్న పరికరం ప్రయోగం జరిగిన రెండు గంటల్లోపే పని మొదలుపెట్టి దారి పొడుగునా ఆ వికిరణాన్ని కొలుస్తూ పోయింది.

ఇప్పుడు మెట్ల సంగతికి వద్దాం.

నౌకలో ఉన్న పెద్ద ఇంజిన్ ఒకటే. పేరుకే పెద్దది. అది తోసే బలం 440 న్యూటన్లు, అంటే సుమారు 45 కిలోల బరువుకు సమానం. ఇన్‌శాట్ ఉపగ్రహాలను భూస్థిర కక్ష్యకు చేర్చడంలో ఆరితేరిన ఇంజిన్ రకం అది, ఇస్రోకు పాత చుట్టం. ఇంత చిన్న ఇంజిన్‌తో 1,380 కిలోల నౌకను చంద్రుడి దాకా నెట్టాలంటే ఎక్కడ నెట్టాలన్నదే కీలకం. ఉయ్యాలను పైకొసన ఆగినప్పుడు కాక, కిందికి వచ్చి జోరుగా పోతున్నప్పుడు తోస్తే అదే నెట్టుకు ఎక్కువ ఊపు వస్తుంది. ఇంజిన్ నిమిషం మండితే ఇచ్చే నెట్టు ఎప్పుడైనా ఒకటే. కానీ ఆ నిమిషంలో నౌక ఎంత ఎక్కువ దూరం కదిలితే ఆ నెట్టు అంత ఎక్కువ శక్తిగా మారుతుంది. నౌక అన్నిటికంటే వేగంగా పోయేది భూమికి దగ్గరి కొనలో, ఇస్రోవాళ్ల మాటల్లో పెరిజీలో. అక్కడ తోస్తే దూరపు కొన, అంటే అపోజీ, ఇంకా దూరం జరుగుతుంది. దగ్గరి కొన దాదాపు ఉన్నచోటే ఉంటుంది.

అక్టోబర్ 23 పొద్దున 9 గంటలకు మొదటి నెట్టు. ఇంజిన్ 18 నిమిషాలు మండింది. అపోజీ 37,900 కిలోమీటర్లకు పోయింది. 25వ తేదీ తెల్లవారాక 5:48కి రెండోది, 16 నిమిషాలు. అపోజీ 74,715 కిలోమీటర్లు. భూస్థిర కక్ష్య ఎత్తుకు రెట్టింపు దాటిపోయింది, మన నౌక ఏదీ అంతకుముందు అంత దూరం పోలేదు. 26న 7:08కి మూడోది, తొమ్మిదిన్నర నిమిషాలు. 1,64,600 కిలోమీటర్లు. 29న 7:38కి నాలుగోది. మూడంటే మూడు నిమిషాలు. 2,67,000 కిలోమీటర్లు. నవంబర్ 4న తెల్లవారుజామున 4:56కి ఐదోది, రెండున్నర నిమిషాలు. 3,80,000 కిలోమీటర్లు.

ఈ అంకెలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. మొదటిసారి పద్దెనిమిది నిమిషాలు మండితే దక్కింది పదిహేను వేల కిలోమీటర్లు. చివరిసారి రెండున్నర నిమిషాలకు లక్షా పదమూడు వేల కిలోమీటర్లు దక్కాయి. పైకి పోయేకొద్దీ భూమి పట్టు సడలుతుంది కాబట్టి చిన్న నెట్టుకే పెద్ద దూరం. అందులోనే ప్రమాదమూ ఉంది. చివరి మెట్టు దగ్గర ఇంజిన్ ఒక్క సెకను ఎక్కువ మండినా, తక్కువ మండినా తేడా వందల కిలోమీటర్లలో ఉంటుంది.

ఆ తేదీల్లో, సమయాల్లో ఇంకో సంగతి దాగి ఉంది. ఐదు మండింపులూ ఇంచుమించు తెల్లవారుజాము ఐదుకూ పొద్దున తొమ్మిదికీ మధ్యే జరిగాయి. కాకతాళీయం కాదు. కక్ష్య కోడిగుడ్డు అంతరిక్షంలో ఒకే దిక్కుకు తిరిగి ఉంటుంది, దాని కింద భూమి రోజుకొకసారి చుట్టు తిరుగుతుంది. కాబట్టి నౌక దగ్గరి కొనకు దాదాపు అదే గంటకు తిరిగొస్తే, కింద కూడా దాదాపు అదే ప్రాంతం ఉంటుంది. అక్కడ చూసే స్టేషన్లు ఉండాలి కదా. మొదటి కక్ష్యలో ఒక చుట్టుకు ఆరున్నర గంటలు పట్టేది. అలా నాలుగు చుట్లు తిరిగాక గానీ 23 ఉదయం తొమ్మిది కాలేదు. రెండో కక్ష్యలో చుట్టుకు పదకొండు గంటలు. అక్కడా నాలుగు చుట్లు. ఆ తర్వాత చుట్టుకు ఇరవై అయిదున్నర గంటలు, ఆ పైన మూడు రోజులు, ఆ పైన దాదాపు ఆరు రోజులు, ఒక్కోదానిలో ఒక్కో చుట్టే. అంతా కూడితే పదకొండు. పదకొండు చుట్లు భూమి చుట్టూ తిరిగి చంద్రుడి దారి పట్టింది మన నౌక.

ఆ ఐదో కక్ష్య గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. దగ్గరి కొనలో నౌక వేగం సెకనుకు పదిన్నర కిలోమీటర్ల పైనే. అదే నౌక 2,67,000 కిలోమీటర్ల దూరపు కొనకు చేరేసరికి వేగం సెకనుకు పావు కిలోమీటరు దగ్గరకు పడిపోయింది. మనం ఎక్కే విమానాలు ఇంచుమించు ఆ వేగంతోనే పోతాయి. అంత దూరంలో, అంత నెమ్మదిగా, భూమి తనను వెనక్కి పిలిచేదాకా వేలాడుతూ ఉంటుంది. ఆ నెమ్మదిలోనే ఆరు రోజులూ గడిచిపోతాయి.

ఆ ఏడు దీపావళి అక్టోబర్ 28న వచ్చింది. అమావాస్య. దేశమంతా టపాకాయలు కాల్చుకుంటున్న రాత్రి ఆకాశంలో చంద్రుడు లేడు, చంద్రుడి కోసం బయల్దేరిన నౌక మాత్రం మూడు రోజుల చుట్టు ముగించుకుని భూమి వైపు జారుతోంది. బెంగళూరు పీణ్యలోని ఇస్ట్రాక్ నియంత్రణ కేంద్రంలో మర్నాడు పొద్దున 7:38 నాటి మండింపుకు ఆదేశాలు సిద్ధమవుతున్నాయి. 29న, కార్తీకం మొదలైన పాడ్యమి నాడు, ఆ మండింపు అయిన కాసేపటికే నౌకలోని టెర్రెయిన్ మ్యాపింగ్ కెమెరాకు మొదటి పరీక్ష పెట్టారు. ఎనిమిది గంటలకు తొమ్మిది వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి ఆస్ట్రేలియా ఉత్తర తీరాన్ని తీసింది. మధ్యాహ్నం పన్నెండున్నరకు 70,000 కిలోమీటర్ల నుంచి అదే ఖండం దక్షిణ తీరాన్ని తీసింది. చంద్రుడి బొమ్మలు తీయడానికి కట్టిన కెమెరా ముందుగా తీసింది భూమి బొమ్మ. రెండు చిత్రాల మధ్య నాలుగున్నర గంటల్లో నౌక ఎంత పైకి పోయిందో ఆ ఎత్తులే చెబుతాయి.

ఇంతవరకు చెప్పిందాంట్లో ఇంజిన్ పాతదే, రాకెట్ పాతదే, కక్ష్య పెంచే విద్యా పాతదే. ఇన్‌శాట్‌లను ఇలాగే మెట్లు మెట్లుగా పైకెక్కించేవాళ్లు. మరి కొత్తది ఏమిటి? వినడం. నాలుగు లక్షల కిలోమీటర్ల దూరం నుంచి వచ్చే సన్నటి రేడియో సంకేతాన్ని పట్టుకోవడం, పట్టుకుని నౌక ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో లెక్కకట్టడం. 36,000 కిలోమీటర్ల భూస్థిర ఉపగ్రహాలతో మాట్లాడిన యాంటెనాలకు ఆ దూరం మించిన పని.

అందుకోసం బెంగళూరుకు సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో బ్యాలాలు అనే పల్లె దగ్గర ఇండియన్ డీప్ స్పేస్ నెట్‌వర్క్ కట్టారు. చుట్టూ గుట్టలుండి మధ్యలో పళ్లెంలా పల్లంగా ఉన్న చోటు అది. నగరం రేడియో గోల ఆ గుట్టలు దాటి లోపలికి రాదు. అక్కడ రెండు యాంటెనాలు పెట్టారు. ఒకటి 18 మీటర్ల వ్యాసంది, ఇంకొకటి 32 మీటర్లది. ఆ పెద్దదాన్ని తయారు చేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. అణుశక్తి శాఖ కింద 1967లో పుట్టిన సంస్థ. దాన్ని నిలబెట్టిన ఏ.ఎస్. రావు, అంటే అయ్యగారి సాంబశివరావు, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు మనిషి. నడివయసు దాటిన తెలుగువాళ్లకు ఈసీఐఎల్ అంటే ఒకప్పటి ఈసీ టీవీ. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఒక చౌరస్తా పేరు, బస్సు బోర్డు మీద ఒక గమ్యం. చంద్రుడి మాటలు విన్న చెవి కూడా అక్కడిదేనని ఆ బస్సులెక్కేవాళ్లలో ఎంతమందికి తెలుసో. బ్యాలాలు కేంద్రాన్ని ప్రారంభించింది 2008 అక్టోబర్ 17న. ప్రయోగానికి ఐదే రోజుల ముందు.

నౌక దూరం కొలిచే పద్ధతి చెప్పడానికి తేలిక. కింది నుంచి ఒక రేడియో స్వరం పంపుతారు. నౌక దాన్ని అందుకుని వెంటనే తిప్పి పంపుతుంది. వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం తేలుతుంది. చంద్రుడి దూరంలో ఈ రాకపోకలకు రెండున్నర సెకన్లు పడుతుంది. తిరిగొచ్చిన స్వరం శ్రుతి ఎంత మారిందో చూస్తే నౌక మనవైపు వస్తోందా, దూరం పోతోందా, ఎంత వేగంతో అన్నది తెలుస్తుంది. స్టేషన్ మీదుగా రైలు కూతపెడుతూ పోతే కూత మారినట్టు మనకు వినిపించడం వెనుక ఉన్న సూత్రమే. చేయడం మాత్రం అంత తేలిక కాదు. 32 మీటర్ల పళ్లెం చూపు చంద్రబింబం వెడల్పు కంటే సన్నం. నౌక ఎక్కడుందో ముందే తెలిస్తేనే దాన్ని అటు గురిపెట్టి వినగలం, వింటేనే ఎక్కడుందో తెలుస్తుంది. ఈ రెండిటినీ ఒకదాని భుజం మీద ఇంకొకటి వేసుకుని నడిపించాలి. భూమి తిరుగుతుంటే బ్యాలాలుకు నౌక కనుమరుగయ్యే గంటలుంటాయి. అప్పుడు వేరే స్టేషన్లు అందుకోవాలి. మారిషస్, బ్రూనై, ఇండోనేషియాలోని బియాక్, రష్యాలో మాస్కో దగ్గరి బేర్ లేక్స్, అమెరికా స్టేషన్లు ఆ వంతులు పంచుకున్నాయి.

ఒక చిన్న లెక్క వేస్తే ఈ పని బరువు తెలుస్తుంది. నవంబర్ 4న చంద్రుడి దారి పట్టిన నౌక 8న అక్కడికి చేరాలి. వేగం లెక్కలో సెకనుకు ఒక్క మీటరు పొరపాటు ఉందనుకుందాం. తక్కువలో తక్కువగా చూసినా నాలుగు రోజుల్లో అది 350 కిలోమీటర్ల పొరపాటు అవుతుంది. నౌక చంద్రుడి మీదుగా పోవాల్సిన ఎత్తేమో 500 కిలోమీటర్లు.

ఇలాంటి పొరపాట్లు పెద్దపెద్దవాళ్లకే జరిగాయి. 1959 జనవరిలో సోవియట్ లూనా-1 చంద్రుణ్ని ఢీకొట్టడానికే బయల్దేరింది. నేల మీది నుంచి రాకెట్ ఇంజిన్‌ను ఆపే ఆదేశం వేళ తప్పింది. నౌక చంద్రుడికి ఆరు వేల కిలోమీటర్ల పక్కనుంచి పోయి సూర్యుడి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. మూడేళ్ల తర్వాత 1962 జనవరిలో అమెరికా రేంజర్-3 ఏకంగా 36 వేల కిలోమీటర్లకు పైగా గురి తప్పింది. ఇస్రో పాఠాలు నేర్చుకున్నది వీళ్లను చూసే.

మెట్లు మెట్లుగా పోవడంలో ఉన్న లాభం ఇక్కడే. ప్రతి మండింపు తర్వాతా నౌక మళ్లీ భూమి దగ్గరకొస్తుంది. ఈలోగా గంటల తరబడి, ఆపైన రోజుల తరబడి విని, కొలిచి, అనుకున్న చోటే ఉందా అని చూసుకోవచ్చు. తేడా ఉంటే తర్వాతి మండింపులో సరిచేసుకోవచ్చు. చంద్రయాన్-1కు ఆ అవసరం పెద్దగా పడలేదు గానీ అదే దారిలో పోయిన మంగళయాన్‌కు పడింది. 2013 నవంబర్ 11న నాలుగో నెట్టుకు అపోజీ లక్ష కిలోమీటర్లకు పోవాల్సింది, 78,276 దగ్గర ఆగిపోయింది. మర్నాడు ఇంకొకసారి మండించి 1,18,642 కిలోమీటర్లకు తీసుకుపోయారు. ఒక్క దూకులో పోయే నౌకకు మర్నాడు ఉండదు. చంద్రయాన్-2, చంద్రయాన్-3 కూడా ఇంకా బలమైన రాకెట్ చేతిలో ఉండి కూడా ఈ మెట్ల దారినే పట్టాయి.

నవంబర్ 4 తర్వాతి నాలుగు రోజులు నౌక కన్నా నేల మీదివాళ్లకే ఎక్కువ కష్టం. నౌక ఎక్కుతూ ఎక్కుతూ వేగం పోగొట్టుకుంటోంది. ప్రాజెక్ట్ డైరెక్టర్ మయిల్‌స్వామి అన్నాదురై, పొల్లాచ్చి దగ్గర కోత్తవాడి అనే పల్లెటూరి మనిషి. ఆయన బృందానికి అప్పటివరకు జరిగినదంతా ఎంతోకొంత తెలిసిన విద్యే. రాబోయేది మాత్రం ఇస్రోలో ఎవరూ చేయనిది. వేరే లోకం ఆకర్షణలోకి పోయి అక్కడ నిలవాలి.

నిలవడమంటే బ్రేకు వేయడం. చంద్రుడి దగ్గరకొచ్చిన నౌకను ఆయన ఆకర్షణ తనవైపు లాగుతుంది, లాగి వదిలేస్తుంది. ఆ దాటిపోయే వేళలో ఇంజిన్‌ను వెనక్కి తిప్పి మండించి వేగం తగ్గిస్తేనే పట్టు కుదురుతుంది. తక్కువ మండితే నౌక చంద్రుణ్ని చుట్టుకుని ఎటో పోతుంది. ఎక్కువ మండితే నేలను గుద్దుకుంటుంది. మళ్లీ ప్రయత్నించడానికి ఇక్కడ ఇంకో చుట్టు లేదు. ఇంతకాలం మెట్లు ఇచ్చిన వెసులుబాటు ఈ ఒక్క చోట లేదు.

నవంబర్ 8, శనివారం సాయంత్రం 4:51. కార్తీక పౌర్ణమికి ఐదు రోజుల ముందు. బ్యాలాలు మీద ఇంకా పొద్దు గూకలేదు, తూర్పు ఆకాశంలో సగానికి పైగా పండిన చంద్రుడు లేత తెలుపులో ఉన్నాడు. యాంటెనా అటు తిరిగి ఉంది. చంద్రుడి నేలకు సుమారు 500 కిలోమీటర్ల ఎత్తున ఇంజిన్ వెలిగింది. 817 సెకన్లు మండింది, అంటే పదమూడు నిమిషాల ముప్పై ఏడు సెకన్లు. నౌక వేగం సెకనుకు దాదాపు 367 మీటర్లు తగ్గింది. కక్ష్య కొలిచి చూస్తే దగ్గరి కొన 504 కిలోమీటర్లు, దూరపు కొన 7,502 కిలోమీటర్లు, ఒక చుట్టుకు పదకొండు గంటలు. చంద్రుడి చుట్టూ నౌకను తిప్పిన ఐదో దేశం మనది, యూరప్ అంతరిక్ష సంస్థను కూడా లెక్కలో వేస్తే ఆరోది. సోవియట్ యూనియన్, అమెరికా, జపాన్, చైనా మనకంటే ముందున్నాయి. ఆ రోజుకు జపాన్ కగుయా, చైనా చాంగే-1 చంద్రుడి చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. దారి కొత్తది కాదు, నడిచినవాళ్లు కొత్త.

తర్వాతి పని దిగడం. ఈసారి మెట్లు కిందికి. 9వ తేదీ రాత్రి 8:03కి 57 సెకన్లు మండించి దగ్గరి కొనను 200 కిలోమీటర్లకు తెచ్చారు. 10న రాత్రి 9:58కి 866 సెకన్లు, చంద్రయానం మొత్తంలో పొడవైన మండింపుల్లో ఒకటి. దూరపు కొన 7,500 నుంచి 255కు పడింది. 11న సాయంత్రం 6:30కి 31 సెకన్లు. 12కల్లా నేలకు 100 కిలోమీటర్ల ఎత్తున, రెండు ధ్రువాల మీదుగా, సుమారు రెండు గంటలకొక చుట్టు. భూమి దగ్గరి మండింపులన్నీ పొద్దుటిపూట అయితే, చంద్రుడి దగ్గరివన్నీ సాయంత్రాలు, రాత్రులే. పౌర్ణమి దగ్గరపడుతోంది కాబట్టి చంద్రుడు మన ఆకాశంలోకి వచ్చేదే ఆ వేళకు. బ్యాలాలు చూపులో ఉన్నప్పుడే ఇంజిన్ ముట్టుకోవాలన్న పట్టుదల ఈ సమయాల్లోనూ కనిపిస్తుంది. 13న కార్తీక పౌర్ణమి. గోదావరిలో, కృష్ణలో దీపాలు వదిలినవాళ్లు తలెత్తి చూసిన చంద్రుడి చుట్టూ మన నౌక ఒకటి తిరుగుతోంది.

మర్నాడు నవంబర్ 14. నౌక నెత్తిన మోసుకొచ్చిన మూన్ ఇంపాక్ట్ ప్రోబ్ అనే పెట్టెను వదిలే రోజు. చంద్రుడి దాకా పోతున్నప్పుడు నేల మీద కూడా ఏదో ఒకటి దించాలి కదా అన్న ఆలోచన అబ్దుల్ కలాంది. మొదటి ప్రణాళికలో ఆ పెట్టె లేదు. బరువు ఇంచుమించు 35 కిలోలు, నాలుగు పక్కలా మూడు రంగుల జెండా. జెండా గురించే అందరూ రాశారు. లోపలున్న మూడు పరికరాల గురించి రాసినవాళ్లు తక్కువ. దిగుతున్న దారిలో ఎత్తు కొలిచే రాడార్, చిత్రాలు తీసే వీడియో కెమెరా, చంద్రుడి మీద ఉన్న అతి పలుచని వాయువును పరీక్షించే మాస్ స్పెక్ట్రోమీటర్. రాబోయే రోజుల్లో మెత్తగా దిగాలంటే ఆ రాడార్, ఆ కెమెరా పనిచేస్తాయో లేదో చూసుకోవాలి. ఇది గుద్దుకోవడానికే పుట్టిన పెట్టె అయినా దాని కొలతలు దిగేవాటి కోసం. పదిహేనేళ్ల తర్వాత చంద్రయాన్-3లోని విక్రమ్ ల్యాండర్ దక్షిణ ధ్రువ ప్రాంతంలో కాలు పెట్టినప్పుడు ఈ పెట్టెను తలుచుకున్నవాళ్లు ఎక్కువమంది లేరు. నాకది కాస్త అన్యాయంగా తోస్తుంది.

రాత్రి 8:06కి పెట్టె నౌక నుంచి విడిపోయింది. చిన్న మోటారు మండి దాన్ని కక్ష్య నుంచి కిందికి తోసింది. పడిపోతూ అది పంపిన చిత్రాలు, కొలతలు తల్లి నౌకకు చేరాయి. 8:31కి దక్షిణ ధ్రువం దగ్గర షాకిల్టన్ బిలం సమీపంలో నేలను గుద్దుకుంది. మొత్తం ఇరవై అయిదు నిమిషాలు. ఆ రోజు నెహ్రూ జయంతి కావడంతో ఆ చోటికి ఆయన పేరు పెట్టుకున్నారు.

పెట్టె పోయాక మిగిలిన పరికరాలను ఒక్కొక్కటిగా మేలుకొల్పడం మొదలైంది. ఐదు మనవి, ఆరు విదేశాలవి. పెట్టె పోగా పది. ఆ వరుస సగంలో ఉండగానే కొత్త చిక్కు వచ్చింది. చంద్రుడి పగటి నేల నూరు డిగ్రీలు దాటి కాలుతుంది. కేవలం 100 కిలోమీటర్ల ఎత్తున తిరిగే నౌకకు పైనుంచి సూర్యుడి వేడి, కింది నుంచి నేల వేడి. నవంబర్ చివరి వారంలో నౌక లోపల ఉష్ణోగ్రత 50 డిగ్రీలకు చేరింది. నౌకను సుమారు 20 డిగ్రీలు పక్కకు తిప్పారు, కొన్ని పరికరాలను ఆపేశారు. రెండేళ్లు పనిచేయాలని కట్టిన నౌక అది. వేడి ఎక్కడెక్కడ దెబ్బతీసిందో, దిక్కు చూపే నక్షత్ర సెన్సర్లు పోయాక కూడా దాన్ని ఎలా నడిపారో వచ్చే భాగంలో.

(సశేషం)